వాగు దాటవలసినవాళ్ళు

ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం అనగానే మరీ పెద్దదిగా ఊహించుకోనక్కరలేదు. రాజుగారు కోటగోడ ఎక్కి తుమ్మితే, వాగు అవతలి పొరుగు రాజ్యంవాళ్ళు "చిరంజీవ" అనేవారు. అంత రాజ్యం. దాని పేరు నెమలిగుట్ట.

రాజుగారి పేరు రణభైరవ మహారాజు. ఆయన రణమన్నది ఎన్నడూ చూసి ఎరగడు. పేరు పెట్టేనాటికి ఆ సంగతి ఎవరికి తెలుసు పాపం.

ఆయన శుక్రవారం శుక్రవారం ఏనుగెక్కి ఊరేగేవాడు. ఒక శుక్రవారం నెమలి ఈకల తలపాగా ఒకటి కొత్తగా చుట్టించుకుని బయలుదేరాడు. అంగడి వీధి మలుపులో గాలి కొట్టింది. తలపాగా కాస్త ముందుకు ఒరిగి, ఈకలు వచ్చి రాజుగారి ముక్కు మీద వాలాయి. ఆయన చేత్తో తీయడం మర్యాద కాదని ఊదడం మొదలుపెట్టాడు.

ఊరంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? అయితే ఊరు తెలుగులో నవ్వింది కాబట్టి రాజుగారు పట్టించుకోలేదు. వీధి పక్కన కొలిమి దగ్గర కూర్చున్న లింగోజి, అతని భార్య సక్కూబాయి మాత్రం తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. అది రాజుగారి చెవిన పడింది.

ఈ లింగోజి ఎగువ దేశం మనిషి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తూ వచ్చి, ఊరు నచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తరవాత ఎప్పుడో తన దేశం వెళ్ళి సక్కూబాయిని పెళ్ళాడి తెచ్చుకున్నాడు. ఊళ్ళో అతను కళాయి పూయని చారుగిన్నె లేదు. అయినా సరే, ఏ భాషలో నవ్వుతున్నాడో చూసుకోవద్దూ?

రాజుగారు కోటకు తిరిగిరాగానే కొమ్మయ మంత్రిని పిలిపించాడు.

"ఆ కళాయివాడు మమ్మల్ని చూసి ఏమన్నాడు?"

"తెలియదు ప్రభూ. వాళ్ళ భాష మనకు రాదు."

"మనకు రాని భాషలో వాడెందుకు మాట్లాడాలి?"

"నా అనుమానమూ అదే. మనకు తెలియని భాషలో అన్నారంటే, అది మనకు తెలియకూడని మాటే అయి ఉండాలి."

కొమ్మయ మంత్రికి అనుమానం పుట్టుకతో వచ్చిన విద్య. చద్దన్నం పక్కన ఉల్లిపాయ కనబడితే, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, వాళ్ళకేం లాభం అని ఆరా తీసేవాడు. ఆయన భార్య గౌరాంబ ఉల్లిపాయ పెట్టడమే మానేసింది. అది ఎందుకు మానేసిందా అని ఆయన మరో నెల ఆలోచించాడు.

రాజూ మంత్రీ కలిసి ఆలోచిస్తే ఏమవుతుందో అదే అయింది. మర్నాడు దండోరా పడింది.

"ఈ గడ్డ మీద పుట్టనివాళ్ళందరూ పరాయివాళ్ళహో! పరాయివాళ్ళకు ఇక్కడ ఇల్లు చెల్లదు, పొలం చెల్లదు, పదవి చెల్లదహో! వచ్చే అమావాస్యలోగా వాగు దాటి పోవాలహో!"

దండోరా వినడంతోనే ఊరివాళ్ళ చూపులు మారిపోయాయి. నిన్నటిదాకా పక్కింటామె పప్పులో బెల్లం ముక్క వేస్తే చేతి రుచి అనుకున్నవాళ్ళు, ఇవాళ ఆ బెల్లం ఏ దేశపు అలవాటో అని గుసగుసలాడుకున్నారు. దాహానికి నీళ్ళడిగిన బాటసారికి నీళ్ళిచ్చి, అతను తాగే తీరు తలుపు సందులోంచి చూశారు. మంగలి వీరయ్య గడ్డం సగం గీసి కత్తి ఆపి, "ఇంతకీ తమది ఏ ఊరన్నారు?" అని అడగడం మొదలుపెట్టాడు. గడ్డం సగంలో ఉన్నవాడు అబద్ధమాడడని అతని లెక్క. గుళ్ళో కూడా నైవేద్యం దేవుడికి చూపించేముందు ఎవరు తెచ్చారో పూజారి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

లింగోజి పరుగు పరుగున మంత్రిగారి కచేరీకి వచ్చాడు. చేతులింకా కొలిమి మసితోనే ఉన్నాయి.

"అయ్యా, పొమ్మంటే పోతాం. కానుపు అయ్యేదాకా ఉండనివ్వండి. సక్కూకి నెలలు నిండాయి. వాగు చూస్తే రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఈ స్థితిలో పడవ ఎక్కిస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ నాకు దక్కరు."

మంత్రి కళ్ళు చిన్నవి చేశాడు. "కానుపు అయ్యేదాకా ఉండటమే కుదరదు. ఆ బిడ్డ ఇక్కడ పుట్టిందనుకో. బిడ్డ మనది, తల్లిదండ్రులు పరాయివాళ్ళు. అప్పుడు ఎవరిని పంపాలి, ఎవరిని ఉంచాలి? చిక్కు రాకముందే దాటెయ్యండి."

"అయ్యా, మీకు దండం పెడతాను."

"అయినా తొలి కానుపుకు పుట్టింటికి పంపకుండా ఇక్కడ ఎందుకు ఉంచావు? లోకంలో ఎక్కడైనా ఉందా? మా ఇళ్ళల్లో ఏ ఆడపిల్లయినా సరే, తొలిచూలు పుట్టింట్లోనే కంటుంది. మీకు ఆ పద్ధతి కూడా లేదు. ఇందుకే మిమ్మల్ని నమ్మకూడదనేది."

"ఆమెకు తల్లి లేదయ్యా. ఊరు చూస్తే నెలరోజుల నడక."

"అదంతా మాకు అనవసరం."

ఆ కచేరీలో ఒక మూల మాచన కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. ఈ మాచన రాజుగారి కొలువులో ఉండేవాడు. కవి కాదు, పండితుడు కాదు, కత్తి పట్టడం రాదు. జీతం ఎందుకిస్తున్నారో ఖజానావాళ్ళకు కూడా తెలియదు. నోరు మాత్రం ఉంది. మంత్రిగారు పుట్టింటి కానుపు మాట ఎత్తగానే సున్నం రాసే వేలు ఆగిపోయింది. ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని, లేచి, లింగోజి వెనకే బయటికి వచ్చాడు.

"లింగోజీ, నువ్వు ఇంటికి వెళ్ళి వేడినీళ్ళు పెట్టుకో. మంత్రసానిని పిలిపించుకో. పడవ సంగతి నేను చూస్తాను."

"మాచనయ్యగారూ, మంత్రిగారు ఒప్పుకోలేదు గదా?"

"ఒప్పుకోలేదు. చాలా మంచిపని చేశాడు."

ఆ సాయంత్రమే మాచన రాజుగారి ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, శాసనం చాలా గొప్పగా ఉంది. దీన్ని అమలు చేసే పని నాకు అప్పగించండి."

రాజుగారు అనుమానంగా చూశాడు. మాచన పని అడగడం ఆ రాజ్యంలో అదే మొదలు.

"నీకెందుకు?"

"నిద్ర పట్టడం లేదు ప్రభూ. లింగోజిని చూడగానే పరాయివాడని చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. తెలిసినవాడితో భయమేముంది? మనలాగే పంచె కట్టి, మనలాగే ఆవకాయ కలుపుకుని, మనలాగే తిట్లు తిడుతూ మనలో కలిసిపోయిన పరాయివాడు ఉంటాడు చూడండి, వాడితో భయం. వాడు ఎక్కడైనా ఉండవచ్చు. ఈ కొలువులోనే ఉండవచ్చు."

రాజుగారు మంత్రి వైపు చూశాడు. మంత్రి సేనాపతి వైపు చూశాడు. సేనాపతి వెనక ఎవరూ లేకపోవడంతో గోడ వైపు చూశాడు.

"నిజమే," అన్నాడు రాజుగారు గొంతు తగ్గించి.

"అందుకని ముందు లోపలివాళ్ళను విచారించాలి. అది ముగిసేదాకా ఒక్క ప్రాణి వాగు దాటకూడదు. దాటితే మన లోగుట్టు అవతలివాళ్ళకు చేరిపోతుంది."

"పడవలన్నీ గట్టుకు కట్టించెయ్యి!"

"చిత్తం. ఎవరికైనా మినహాయింపు ఉందా ప్రభూ? బంధువులనీ, పెద్దవాళ్ళనీ?"

"లేదు. మా సొంత మనిషైనా సరే. రణభైరవుడి నోట రెండో మాట రాదు."

మొదటి మాటే ఆలోచించి వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు మాచన అంగడి వీధి చావడిలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఒకటే ప్రశ్న: ఎక్కడ పుట్టావు? అయితే ఎవడి పుట్టుక వాడు చూసి ఉండడు కాబట్టి సొంత మాట చెల్లదన్నాడు. కన్నతల్లి చెప్పాలి. తల్లి లేకపోతే మంత్రసానో మేనమామో చెప్పాలి. ఊళ్ళో అమ్మలందరూ మంచి చీరలు కట్టుకుని వచ్చారు. తమ కానుపు గురించి ఒక అధికారి కూర్చోబెట్టి అడగడం వాళ్ళ జన్మలో లేదు మరి.

మొదట గానుగ ఓబులమ్మ వంతు. ఆమె కొడుకులు తిరుపాలు, చెన్నడు చెరో పక్క నిలబడ్డారు.

"ఓబులమ్మా, నీ పెద్దకొడుకు ఎక్కడ పుట్టాడు?"

"ఎక్కడ పుడతాడు నాయనా? తొలిచూలు మా పుట్టింట్లోనే, వాగు అవతల. ఏడో నెలలో మా అమ్మ సున్నుండలు పట్టుకుని వచ్చింది తీసుకెళ్ళడానికి. మా అత్త పంపనంటే పంపనంది. ఆవిడ ఆనాడు అన్న మాటలు చెప్పాలంటే..."

"అవి రాజుగారి దగ్గర చెబుదువుగాని. చిన్నవాడు?"

"వాడు ఇక్కడే. రెండోసారి ఎవరు పిలుస్తారు? నేను వడ్లు దంచుతుంటే పుట్టాడు."

"తిరుపాలూ, నువ్వు వాగవతలి వాడివి. ఎడమవైపు నిలబడు. చెన్నా, నువ్వు కుడివైపు."

తిరుపాలు నోరు తెరిచాడు. చెన్నడు మాత్రం ఎన్నడూ లేని మర్యాదతో అన్న చేయి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఎండగా ఉంది. ఇంటికొచ్చి మజ్జిగ తాగి బయలుదేరు."

"ఒరే, నా ఇంట్లో మజ్జిగ నాకే పోస్తావట్రా?"

"నీ ఇల్లేమిటన్నయ్యా? దండోరా వినలేదూ?"

ఆ తరవాత ఎవరిని పిలిచినా ఇదే వరస. రాజ్యం చిన్నది. ఉన్న నాలుగు కుటుంబాలూ ఒకదానికొకటి అన్నదమ్ముల వరస. పిల్లను తెచ్చుకోవాలంటే వాగు దాటాల్సిందే. కాబట్టి కోడళ్ళందరూ అవతలివాళ్ళు. కోడళ్ళ తొలి కానుపులన్నీ అవతలే. పొద్దువాలేసరికి చావడి ఎడమవైపు ఊళ్ళోని పెద్దకొడుకులు, పెద్దకూతుళ్ళు, కోడళ్ళు కిక్కిరిసిపోయారు. కుడివైపు తమ్ముళ్ళు తీరిగ్గా నిలబడి, ఏ అన్న గదిలో ఎవరు పడుకోవాలో పంచుకుంటున్నారు.

మంగలి వీరయ్య ఎడమవైపు తేలాడు. పూజారి ఎడమవైపు. దండోరా వేసినవాడు కూడా ఎడమవైపే. అతను తన డప్పు వైపు అదోలా చూసుకున్నాడు.

కొమ్మయ మంత్రి వాళ్ళమ్మకు రెండో కొడుకు. కుడివైపు దర్జాగా నిలబడి, మీసం దువ్వుకుని ఇంటికి వెళ్ళాడు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. గౌరాంబ మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన పెద్దకొడుకు.

"ఏమిటిది?" అన్నాడు మంత్రి.

"నేను పరాయిదాన్ని గదా, నా పెద్దకొడుకునూ తీసుకుని దాటుతున్నాను. పడవలు విప్పగానే."

"ఓసి పిచ్చిదానా, ఆ శాసనం మనలాంటివాళ్ళ కోసం కాదే."

"మరి ఎవరి కోసం వేయించారు?"

మంత్రి పీట వాల్చుకుని కూర్చున్నాడు. "సరే, అన్నం పెట్టు, తరవాత మాట్లాడుకుందాం."

"పరాయిదాని చేతి అన్నం ఎందుకులెండి. అందులో ఏం కలుపుతానో ఏమో. మీ రెండోవాణ్ణి వండమనండి, వాడు మనవాడే."

ఆ పూట మంత్రిగారు అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. నానబెట్టిన నీళ్ళను కూడా రెండుసార్లు వాసన చూశాడట.

మర్నాడు పొద్దున కొలువు తీరింది. కొలువు అంటే ఏముంది, సగం మంది ఎడమవైపు తలలు దించుకుని నిలబడ్డారు. రాజుగారు సింహాసనం మీదినుంచి వాళ్ళను చూసి ఉప్పొంగిపోయాడు.

"చూశారా! ఇంతమంది పరాయివాళ్ళు మన ఉప్పు తింటూ మనలో దాక్కున్నారు! మాకు ఎప్పటినుంచో అనుమానమే. సేనాపతీ, నువ్వు కూడానా? నీ నడక చూసినప్పుడే అనుకున్నాం. మాచనా, ఇంకెవరైనా మిగిలారా?"

"ఒక్కరు మిగిలారు ప్రభూ."

"ఎవడు వాడు? పట్టుకురండి!"

"వాడు అనకండి ప్రభూ. తరవాత తమరే నొచ్చుకుంటారు."

మాచన సైగ చేశాడు. తెర పక్కకు జరిగి రాజమాత అన్నెమాంబ వచ్చి కూర్చుంది. పెద్దావిడకు చెవి కొంచెం మందం. కాని పాత సంగతులు అడిగితే మాత్రం ప్రాణం లేచివస్తుంది.

"అమ్మగారూ, మన మహారాజుగారు ఎక్కడ పుట్టారు?" అని మాచన గట్టిగా అడిగాడు.

రాజుగారి ముఖం మీది నవ్వు సగంలో నిలిచిపోయింది. "అమ్మా, అక్కరలేదు. లోపలికి వెళ్ళు."

"ఎందుకక్కరలేదు నాయనా? చెప్పనీ. మా పుట్టింట్లో, వాగవతల, తూర్పు గదిలో పుట్టాడు. మా అన్న సంతోషం పట్టలేక అవతలి ఊరంతా బెల్లం పంచాడు. పురిటి నెల దాటేదాకా వీణ్ణి ఇటు పంపలేదు. వీళ్ళ నాన్నగారు రోజూ గట్టు మీద నిలబడి ఏడ్చేవారు."

"మరి చిన్న దొరగారు?"

"భీముడా? వాడు ఇక్కడే, ఈ కోటలోనే."

చిన్న దొర భీమరాజు రాజుగారి తమ్ముడు. సింహాసనం పక్కనే నిలబడి ఉన్నాడు. అంతవరకు ఆవలిస్తున్నవాడు కాస్తా నోరు మూసి, సింహాసనం వెడల్పును కళ్ళతో ఒకసారి కొలుచుకున్నాడు.

"అన్నగారూ," అన్నాడు ఎంతో ప్రేమగా, "వాగు దాకా నడుస్తారా, ఏనుగును పంపమంటారా?"

రాజుగారి అనుమానమంతా ఇంతకాలం వీధుల్లో, సందుల్లో, పరాయి భాషల్లో తిరిగింది. ఇప్పుడది తిన్నగా వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

"మాచనా," అన్నాడు హీనస్వరంతో, "పుట్టడం అక్కడ పుట్టాం గాని, మేం పెరిగింది ఇక్కడ. తిన్నది ఇక్కడ. ఈ ఊరి కోసం ఇంత పాటుపడ్డాం. ఆ ఒక్క నెల పట్టుకుని మమ్మల్ని పరాయివాళ్ళను చేస్తారా?"

"నేను కాదు ప్రభూ, శాసనం. కళాయి లింగోజి కూడా మంత్రిగారి ముందు ఇలాగే బతిమాలాడు. మంత్రిగారు ఏమన్నారంటే..."

"ఆయన ఏమన్నాడో మాకిప్పుడు అనవసరం!" అని రాజుగారు అరిచాడు. మంత్రి స్తంభం వెనక్కి జరిగాడు.

అంతలో మంత్రసాని పేరమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"మాచనయ్యా, సక్కూబాయికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా."

మాచన ఒక పెద్ద ఊపిరి వదిలాడు. అతను అలా ఊపిరి వదలడం అంతకుముందు ఎవరూ చూడలేదు. తరవాత రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ప్రభూ, శుభవార్త. మన రాజ్యంలో మొత్తం విచారించాను. పెద్దబిడ్డగా పుట్టి, పరాయివాడు కానివాడు ఒక్కడూ దొరకలేదని దిగులుపడ్డాను. ఇప్పుడు దొరికింది. తొలిచూలు బిడ్డల్లో ఈ గడ్డ మీద పుట్టింది ఆ పిల్ల ఒక్కతే. పుట్టింటికి వెళ్ళే దారి లేని పరాయివాళ్ళు గనక ఇక్కడ కన్నారు. మన పద్ధతులున్న మనవాళ్ళెవరికీ ఆ భాగ్యం లేదు. శాసనం ప్రకారం తమరందరూ వాగు దాటేముందు ఆ పిల్ల దగ్గర సెలవు తీసుకోవాలేమో, మంత్రిగారిని అడగండి."

రాజుగారి పెదవి చివర కదిలింది. ఆయన దాన్ని బిగబట్టాడు.

"మరి మా మాట? రెండో మాట రాదన్నాం గదా."

"రెండో మాట ఎందుకు ప్రభూ? మొదటి మాటే చాలు. పరాయివాడికి పదవి చెల్లదని శాసనం. శాసనం వేసింది ఎవరు? తమరు. తమరు ఎవరు? అమ్మగారు చెప్పారు. పదవి చెల్లనివారు వేసిన శాసనం చెల్లదు. శాసనం చెల్లకపోతే తమరు పరాయివారు కారు. అంటే తమరు మహారాజే, శాసనమే లేదు. తమరు దేన్నీ వెనక్కి తీసుకోనక్కరలేదు. అది తనంతట తానే వాగులో కొట్టుకుపోయింది."

రాజుగారు ఆ మాటలను వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. అప్పుడు మొదలైంది నవ్వు. పొట్ట పట్టుకుని, సింహాసనం చేయి మీద కొడుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఎడమవైపు వాళ్ళందరూ నవ్వారు. కుడివైపు తమ్ముళ్ళు మర్యాదకు నవ్వారు. చిన్న దొర భీమరాజు తనకు హఠాత్తుగా దగ్గు వచ్చిందని లోపలికి వెళ్ళాడు.

"లింగోజి ఎన్నాళ్ళయినా ఉండవచ్చు," అన్నాడు రాజుగారు నవ్వాపుకుని. "ఆ పిల్లకు మా తరఫున టేకు ఊయల పంపండి. బారసాలకు మేమే వస్తాం. కొమ్మయా, ఊయల నువ్వు మోసుకెళ్ళు."

మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. వేస్తూ వేస్తూ ఆగి, కళ్ళు చిన్నవి చేశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇంతకీ మాచనా, అందరినీ అడిగావు. నువ్వెక్కడ పుట్టావు?"

"పడవలో ప్రభూ. మా అమ్మను తొలి కానుపుకు అవతలికి తీసుకెళుతుంటే నడివాగులో నొప్పులు వచ్చాయట. అందుకని ఈ గట్టువాళ్ళు నన్ను ఆ గట్టువాడు అనుకుంటారు. ఆ గట్టువాళ్ళు ఈ గట్టువాడు అనుకుంటారు. ఏ గట్టున నిలబడ్డా నేను రెండో గట్టు చుట్టాన్ని."

రాజుగారు మళ్ళీ నవ్వి, రెండో హారం కూడా తీసి వేశాడు.

మాచన చెప్పింది నిజమో, అప్పటికప్పుడు అల్లాడో ఎవరికీ తెలియదు. అతని తమ్ముడు మాత్రం ఆ రోజునుంచి రేవు దగ్గర ముసలి పడవవాళ్ళకు చుట్టలు కొనిచ్చి, ఆ వేళ పడవ ఏ గట్టుకు దగ్గరగా ఉందో వాకబు చేస్తూనే ఉన్నాడట.